పరాయి దేశంలో జ్వరం వస్తే దిక్కెవరు? విదేశీ విద్యార్థి ఆరోగ్య బీమా వెనకున్న చరిత్ర

చరిత్ర గురించి మనం మాట్లాడుకునే ఈ వరుసలో ఇవాళ కొంచెం వింత విషయం తీసుకున్నాను. ఇందులో యుద్ధాలు లేవు, సింహాసనాలు లేవు. ఇన్సూరెన్స్ ఉంది. అదేంటండీ, ఇన్సూరెన్స్‌కి కూడా చరిత్రా అని నవ్వుకోకండి. ఆఖరిదాకా వినండి. మీ ఇంట్లో ఎవరైనా పైచదువుకి బయటికి వెళ్తుంటే మాత్రం తప్పకుండా వినండి.

ఆగస్టు నెల వచ్చిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక పిల్లాడు వెళ్తుంటే పదిహేను మంది సాగనంపడానికి వస్తారు. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్, ఇంకో పక్క డోలో మాత్రలు, దగ్గు మందు, యాంటీబయాటిక్స్. ఆ మందుల సంచిలో ఒక భయం ఉంది చూడండి. అక్కడ జ్వరం వస్తే వీడి దిక్కెవరు అని అమ్మకి ఉండే భయం. ఫీజు లెక్క వేస్తాం, అద్దె లెక్క వేస్తాం, టికెట్ లెక్క వేస్తాం. ఆరోగ్య బీమా దగ్గరికొచ్చేసరికి, ఏది తక్కువకి వస్తే అది తీసుకో నాన్నా అని తేల్చేస్తాం. నిజానికి అమ్మ అడిగిన ఆ ప్రశ్న చాలా పాతది. ఊరు వదిలి పరాయి దేశానికి చదువుకోవడానికి వచ్చినవాడికి రోగం వస్తే ఎవరు చూసుకోవాలి? ఒక్కో కాలం దీనికి ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులు ఎలా మారాయో చూస్తే, ఇవాళ మన చేతిలో పెట్టిన ఆ బీమా కార్డుకి అర్థం తెలుస్తుంది.

మొదలు మన దగ్గర్నించే పెడదాం. నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. సాగర్ డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన లోయ అదే. మూడో శతాబ్దంలో, వీరపురుషదత్తుడి కాలంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి అక్కడ దొరికింది. అందులో సీహళ విహారం ప్రస్తావన ఉంది. సీహళం అంటే సింహళం, నేటి శ్రీలంక. అంటే సముద్రం దాటి మన కృష్ణా తీరానికి వచ్చి ఉండేవాళ్ల పేరు మీద ఇక్కడ ఒక విహారం ఉండేదన్నమాట. అదే లోయలో ఇంకో చోట విగత జ్వరాలయం అన్న మాట కూడా శాసనంలో కనిపిస్తుంది. జ్వరం తగ్గించుకునే చోటు. ఆ సీహళ విహారంలో ఉన్నవాళ్లే ఈ జ్వరాలయంలో పడుకున్నారని నేను చెప్పడం లేదు, అలా కలిపేయకూడదు. కానీ చదువు కోసం, ధర్మం కోసం జనం పోగయ్యే చోట జబ్బు పడ్డవాడికి ఒక చోటు ఉండాలన్న ఆలోచన మన నేల మీద అప్పటికే ఉంది.

దీనికంటే గట్టి ఆధారం నలందాలో ఉంది. 1921లో అక్కడ తవ్వకాల్లో హీరానంద శాస్త్రిగారికి ఒక రాగి శాసనం దొరికింది. తొమ్మిదో శతాబ్దపు పాల రాజు దేవపాలుడిది. కథ ఏంటంటే, సువర్ణద్వీపాన్ని, అంటే నేటి ఇండోనేషియా వైపు దీవుల్ని ఏలే బాలపుత్రదేవుడు నలందాలో ఒక విహారం కట్టించాడు. దాని నిర్వహణకి ఊళ్లు ఇవ్వమని దేవపాలుణ్ని కోరాడు. దేవపాలుడు ఐదు ఊళ్లు ఇచ్చాడు. ఆ ఊళ్ల ఆదాయం దేనికి ఖర్చు పెట్టాలో శాసనంలో స్పష్టంగా రాశారు. భిక్షువుల తిండికి, బట్టకి, పడకకి, గ్రంథాలు రాయించడానికి, జబ్బు పడ్డవాళ్ల మందులకి. వింటున్నారా? జబ్బు పడ్డవాళ్ల మందులకి. ఒక విదేశీ రాజు డబ్బు పెట్టి భవనం కట్టాడు, స్థానిక రాజు ఊళ్ల ఆదాయం రాసిచ్చాడు, అందులో వైద్యం ఖర్చు ఒక పద్దు. మన భాషలో చెప్పాలంటే హాస్టల్, మెస్, లైబ్రరీ, హెల్త్ కవర్, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. విద్యార్థి జేబులోంచి పైసా లేదు.

ఆ తర్వాతి కాలంలో యూరప్‌లో పద్ధతి వేరు. ఇటలీలో బొలోన్యా అనే ఊరు. న్యాయశాస్త్రం చదవడానికి జర్మనీ నుంచి, ఫ్రాన్స్ నుంచి కుర్రాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకి ఆ ఊళ్లో పౌరహక్కులు లేవు. ఒక జర్మన్ అప్పు ఎగ్గొట్టి పారిపోతే, ఇంకో జర్మన్ కుర్రాణ్ని పట్టుకుని వసూలు చేసేవాళ్లు! 1158 ప్రాంతంలో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఒక శాసనం ఇచ్చాడు. చదువు కోసం ప్రయాణం చేసేవాళ్లకి రక్షణ ఉంటుంది, తోటి దేశస్థుడి అప్పుకి వాళ్లని పట్టుకోకూడదు అని. మరి జబ్బు చేస్తే? దానికి చక్రవర్తి ఏమీ చెప్పలేదు. ఆ పని విద్యార్థులే చేసుకున్నారు. ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతం వాళ్లుగా సంఘాలు కట్టుకున్నారు. వాటిని నేషన్స్ అనేవాళ్లు. చందాలు వేసుకుని, మంచాన పడ్డవాణ్ని చూసుకోవడం, చనిపోతే అంత్యక్రియలు చేయడం ఆ సంఘాల పని. ఇవాళ అమెరికాలో మన పిల్లాడికి యాక్సిడెంట్ అయితే తెలుగు సంఘాలు, వాట్సాప్ గ్రూపులు, ఆన్‌లైన్ చందాలు కదులుతాయి చూడండి, అది అచ్చంగా ఈ బొలోన్యా పద్ధతే. ఎనిమిది వందల ఏళ్ల పైగా పాతది.

ఇప్పుడు ఒక్క దూకు దూకి ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. ఇక్కడ మనందరికీ తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. శ్రీనివాస రామానుజన్. 1914 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో దిగాడు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది. అందులో 50 పౌన్లు ఇక్కడ ఇంటికి పంపించేవాళ్లు. ట్రినిటీ కాలేజీ ఇంకో 60 పౌన్లు కలిపింది. ఒక్కడికి, అందులోనూ పొదుపు మనిషికి, అది చాలు. ఆరోగ్యం బాగున్నంతకాలం చాలు.

1917లో జబ్బు పడ్డాడు. క్షయ అన్నారు, కడుపులో పుండు అన్నారు. ఏది ఖాయమో తేలలేదు. ముందు కేంబ్రిడ్జ్‌లో ఒక నర్సింగ్ హోమ్, తర్వాత మెండిప్ కొండల్లో చౌరీ ముత్తు అనే మన డాక్టరు నడిపే శానిటోరియం, తర్వాత డెర్బీషైర్‌లో మ్యాట్‌లాక్, తర్వాత లండన్, పట్నీ. ఆ పట్నీలోనే 1729 నంబరు టాక్సీ కథ జరిగింది. మనం ఆ నంబరునే గుర్తుపెట్టుకున్నాం. హార్డీ ఆ టాక్సీ ఎక్కి వెళ్లింది ఒక నర్సింగ్ హోమ్‌కి అన్న సంగతి, ఆ నర్సింగ్ హోమ్‌కి ఎవరో ఫీజు కట్టాలి అన్న సంగతి మనకి తట్టదు.

ఇందులో నన్ను ఆపేసే విషయం ఒకటుంది. అప్పటికే ఇంగ్లండ్‌లో ఆరోగ్య బీమా ఉంది. 1911లో లాయిడ్ జార్జ్ నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చాడు. కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 కడితే, కార్మికుడికి డాక్టరు దొరికేవాడు. క్షయ వస్తే శానిటోరియం సదుపాయం కూడా ఆ చట్టంలోనే ఉంది. అంటే లండన్ రేవులో మూటలు మోసే మనిషికి క్షయ వస్తే శానిటోరియానికి చట్టం దారి చూపింది. రామానుజన్‌కి మాత్రం చూపలేదు. ఎందుకంటే ఆ చట్టం ఉద్యోగం చేసేవాళ్ల కోసం. అంతకు ముందు 1883లో జర్మనీలో బిస్మార్క్ పెట్టిన ప్రపంచపు మొదటి ఆరోగ్య బీమా చట్టం కూడా అంతే, కార్మికుల కోసం. విద్యార్థి కార్మికుడు కాడు, జీతం లేదు, యజమాని లేడు. పైగా పరాయి దేశంవాడు. రెండు వైపులా గీతకి బయటే నిలబడ్డాడు. రామానుజన్‌కి స్కాలర్‌షిప్ ఉంది, కాలేజీ ఉంది, హార్డీ లాంటి స్నేహితుడు ఉన్నాడు, అందుకే నర్సింగ్ హోముల్లో ఉండగలిగాడు. 1919లో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్లకే పోయాడు. బీమా ఉంటే బతికేవాడని నేను అనను. అప్పటికి క్షయకి మందే లేదు. నేను చెప్పేదల్లా, అంత మేధావి కూడా వైద్యం విషయంలో దయ మీద ఆధారపడాల్సి వచ్చింది అని.

కొద్ది ఏళ్లకే మన గోదావరి జిల్లాల మనిషి అమెరికా వెళ్లాడు. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో పెరిగిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. ఖర్చులకి ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టర్ పని చేశారు. అప్పటికే ఇద్దరు అన్నదమ్ములని రోగాలకి పోగొట్టుకున్న మనిషి. ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే ఆయన మంచాన పడి ఉంటే బిల్లు ఎవరు కట్టేవాళ్లు? అమెరికాలో మనం ఇవాళ హెల్త్ ఇన్సూరెన్స్ అంటున్నది అప్పటికి పుట్టనే లేదు. అది 1929లో టెక్సస్‌లోని డల్లాస్‌లో పుట్టింది. బేలర్ విశ్వవిద్యాలయం ఆస్పత్రిలో జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అనే ఆయన బడి పంతుళ్లతో ఒక ఏర్పాటు చేశాడు. నెలకి 50 సెంట్లు కట్టండి, అవసరమైతే ఏడాదిలో 21 రోజులు ఆస్పత్రిలో చూస్తాం అన్నాడు. బ్లూ క్రాస్ పేరుతో తర్వాత దేశమంతా పాకింది ఈ మొలకే. ఇవాళ డల్లాస్ చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల జేబులో ఉన్న కార్డు తాతముత్తాతల ఊరు కూడా అదే.

విద్యార్థుల వరకు చూస్తే అమెరికా కాలేజీలు ఇంకా ముందే ఒక దారి వెతుక్కున్నాయి. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చిన ఏడాదే పక్కనున్న బర్క్లీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం వైద్యశాల పెట్టింది. అందరూ ముందుగానే ఫీజులో భాగంగా కొంత కట్టేస్తారు, జబ్బు చేసినవాడికి వైద్యం చేస్తారు. స్వదేశీ, విదేశీ అన్న తేడా లేదు, విద్యార్థి అయితే చాలు. ఇవాళ ప్రతి క్యాంపస్‌లో కనిపించే స్టూడెంట్ హెల్త్ సెంటర్ దీని సంతానమే. కాకపోతే ఆ సెంటర్ జ్వరం చూస్తుంది, టీకా వేస్తుంది. అపెండిక్స్ ఆపరేషన్ చెయ్యదు. అక్కడ్నించి పెద్దాస్పత్రికి పంపిస్తే బిల్లు వేరే. మన పిల్లలు చాలామంది పొరబడేది ఇక్కడే. హెల్త్ ఫీజు కట్టాం కదా, ఇంక ఇన్సూరెన్స్ ఎందుకు అనుకుంటారు. అవి రెండూ వేర్వేరు.

సరే, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. ఇక్కడ్నించి కథ మలుపు తిరుగుతుంది, జాగ్రత్తగా వినండి. 1948 జూలై 5న బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. ఆ గడ్డ మీద ఉన్న మనిషికి వైద్యం ఉచితం. విదేశీయులకి కూడా. పరాయివాళ్లకి మా డబ్బుతో వైద్యమేంటి అని అప్పుడే గొడవ మొదలైంది. ఆరోగ్య మంత్రి అనూరిన్ బెవాన్ చెప్పిన సమాధానం సారాంశం ఇది. విదేశీయుణ్ని పట్టుకోవాలంటే, వచ్చిన ప్రతివాణ్నీ నువ్వు ఎవరు, కాగితం చూపించు అని అడగాలి. అప్పుడు ఇబ్బంది పడేది సొంత జనమే. 1949లో విదేశీయుల దగ్గర డబ్బు వసూలు చేసే అధికారం చట్టంలో చేర్చారు గానీ, ముప్పై ఏళ్ల పైన దాన్ని వాడలేదు.

ఆ ముప్పై ఏళ్లలో విదేశీ విద్యార్థి అంటే అతిథి. వలస రాజ్యాలు పోయాయి, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది, కొత్త దేశాల కుర్రాళ్లు మా వైపు రావాలి అని ప్రతి పెద్ద దేశానికీ ఉంది. 1950లో కొలంబోలో అనుకుని మొదలుపెట్టిన కొలంబో ప్రణాళిక కింద ఆసియా పిల్లలు ఆస్ట్రేలియాకి స్కాలర్‌షిప్‌ల మీద వెళ్లారు. మాస్కో పిలిచి చదువు చెప్పింది. అతిథిని పిలిచినవాడే అతని మంచి చెడ్డా చూసుకుంటాడు. నలందా పద్ధతే కదా ఇది.

తర్వాత అతిథి కాస్తా కస్టమర్ అయ్యాడు. తేదీలు చూడండి. బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం విదేశీ విద్యార్థుల దగ్గర పూర్తి ఫీజు వసూలు చేయడం 1980లో మొదలుపెట్టింది. 1982లో, పాత చట్టంలో నిద్రపోతున్న అధికారాన్ని లేపి, విదేశీ సందర్శకుల దగ్గర ఆస్పత్రి డబ్బులు తీసుకోవడం మొదలైంది. దీర్ఘకాలం చదివే విద్యార్థులని అప్పటికి వదిలేశారు. ఆస్ట్రేలియాలో 1980ల నడుమ పూర్తి ఫీజు కట్టే విదేశీ విద్యార్థులని తీసుకోవడం మొదలైంది. అదే దశాబ్దం చివరికల్లా ఓవర్సీస్ స్టూడెంట్ హెల్త్ కవర్ వచ్చేసింది. 1984లో సొంత జనానికి మెడికేర్ పెట్టుకున్న దేశం, విదేశీ విద్యార్థికి మాత్రం నీ బీమా నువ్వు కొనుక్కో అంది. 2010 జూలై నుంచి వీసా ఎంతకాలమో అంతకాలానికీ ఆ బీమా ఉండి తీరాలి అన్నారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 1994లో విదేశీ విద్యార్థులని ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి తీసేసింది. విశ్వవిద్యాలయాలు కలిసి వాళ్లకోసం వేరే పథకం పెట్టుకోవాల్సి వచ్చింది. చదువుకి ధర కట్టిన చోట, వెనకాలే వైద్యానికి కూడా ధర వచ్చి కూర్చుంది.

బ్రిటన్‌లో ఆఖరి మెట్టు 2015 ఏప్రిల్. ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్. వీసాకి అప్లై చేసేటప్పుడే కట్టాలి. విద్యార్థికి ఏడాదికి 150 పౌన్లతో మొదలైంది. 2019లో 300, 2020లో 470, 2024 ఫిబ్రవరి నుంచి 776. తొమ్మిదేళ్లలో ఐదు రెట్లు. ఒక ఏడాది మాస్టర్స్‌కి సాధారణంగా 16 నెలల వీసా వస్తుంది, ఏడాదిన్నరకి లెక్క కడతారు, మొత్తం 1,164 పౌన్లు. దీన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా చెప్పాలి. పన్నులు కట్టి ఆస్పత్రులు నిలబెట్టింది అక్కడి జనం, నిన్న వచ్చినవాడు కొంత ఇవ్వడంలో తప్పేముంది అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. మన పిల్లల వైపు వాదన కూడా ఉంది. వాళ్లు ఇరవైల్లో ఉన్నవాళ్లు, ఆస్పత్రి మొహం చూసేది తక్కువ. పార్ట్‌టైమ్ జీతంలో పన్ను కడతారు, కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను కడతారు, ఆ పైన ఈ సర్‌చార్జ్. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అది కట్టేశాక అక్కడ ఆస్పత్రి బిల్లు భయం దాదాపు ఉండదు. కంటికి, పంటికి, మందుల చీటీకి తప్ప.

జర్మనీ ఇంకో దారి పట్టింది. 1975లో చట్టం చేసి విద్యార్థులని ప్రభుత్వ ఆరోగ్య బీమాలో తప్పనిసరి సభ్యులని చేసింది. విదేశీ విద్యార్థి కూడా అందులోకే వస్తాడు, తక్కువ చందాతో, 30 ఏళ్లు వచ్చేవరకు. 1883లో గీతకి బయట ఉన్నవాణ్ని 92 ఏళ్ల తర్వాత లోపలికి పిలిచారు. అందుకే జర్మనీ వెళ్లే పిల్లలకి నేను చెప్పేది, 30 దాటాక వెళ్తుంటే ఈ ఒక్క విషయం ముందే కనుక్కోండి.

ఇక అమెరికా. మనవాళ్లకి అసలు సంగతి ఇదే కదా. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ మన దేశం విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాని దాటేశాం. అందులో తెలుగు పిల్లలు ఎంత కనిపిస్తారో ఏ క్యాంపస్‌కి వెళ్లినా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక వింత చెప్తాను. అమెరికా ప్రభుత్వం జే-1 వీసా మీద, అంటే ఎక్స్చేంజ్ కార్యక్రమాల మీద వచ్చేవాళ్లకి ఆరోగ్య బీమా తప్పనిసరి చేసింది. ఒక్కో జబ్బుకి కనీసం ఎంత కవరేజీ ఉండాలో కూడా రాసింది. మొదట్లో 50,000 డాలర్లు. 2015 మే నుంచి 1,00,000. వైద్యం కోసం తరలించడానికి 50,000. చనిపోతే మృతదేహాన్ని స్వదేశానికి పంపడానికి 25,000. అంతకుముందు ఈ ఆఖరిది 7,500 మాత్రమే. ఒక ప్రభుత్వ నియమంలో ఈ అంకె ఉందంటే, దాని వెనక ఎన్ని ఇళ్ల ఏడుపు ఉందో ఊహించుకోండి. మరి మన పిల్లలు వెళ్లే ఎఫ్-1 వీసాకి? కేంద్ర ప్రభుత్వం నుంచి బీమా నియమమే లేదు! ఒక్క డాలర్ కవరేజీ లేకుండా కూడా వీసా వస్తుంది. ప్రభుత్వం అతిథిగా పిలిచినవాడికి నియమం ఉంది, సొంత డబ్బు పెట్టుకుని వచ్చినవాణ్ని కాలేజీకి వదిలేశారు.

ఎందుకలా? 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం ప్రకారం బీమా వ్యాపారం మీద అజమాయిషీ రాష్ట్రాలది. కాబట్టి రాష్ట్రానికో తీరు, కాలేజీకో తీరు. మసాచుసెట్స్ రాష్ట్రం 1988లో గవర్నర్ డుకాకిస్ హయాంలో ఒక చట్టం చేసింది. జనం అందరికీ బీమా తేవాలన్నది దాని ఉద్దేశం. యజమానుల మీద పెట్టిన భాగం అమలు కాకుండానే పోయింది. విద్యార్థులకి బీమా ఉండాలి అన్న భాగం మాత్రం 1989 నుంచి అమల్లోకొచ్చి నిలబడింది. తర్వాత చాలా కాలేజీలు ఇదే పద్ధతి పట్టాయి. ఫీజు బిల్లులో కాలేజీ బీమా దానంతటదే వచ్చి పడుతుంది. సమానమైన బీమా బయట ఉందని రుజువు చేస్తే తీసేస్తారు. దాన్నే వేవర్ అంటున్నాం.

ఆ కాలేజీ బీమాలు అన్నీ గొప్పవని కూడా అనుకోకండి. 2008లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. కొన్ని కాలేజీల పాలసీల్లో ఒక్కో జబ్బుకి గరిష్ఠ పరిమితి 2,500 డాలర్లట. అమెరికాలో ఆ డబ్బుకి ఎమర్జెన్సీ గదిలో ఒక రాత్రి గడవదు. 2010లో ఒబామా చట్టం వచ్చాక ఈ పరిస్థితి మారింది. 2012లో ఇచ్చిన నియమాలతో కాలేజీల్లో అమ్మే బీమా పాలసీలు ఆ చట్టం కిందకి వచ్చాయి. ఏడాది పరిమితి ముందు 1,00,000, తర్వాత 5,00,000, 2014 నుంచి ముఖ్యమైన వైద్యాలకి పరిమితే తీసేశారు. ముందునుంచి ఉన్న జబ్బుని సాకుగా చూపకూడదు అన్నారు. కానీ బయట దొరికే ట్రావెల్ పాలసీలు, తాత్కాలిక పాలసీలు ఈ చట్టం కిందకి రావు. ధరలో తేడా అందుకే. వాడు మనకి చవగ్గా ఇవ్వడం లేదు, వేరే వస్తువు ఇస్తున్నాడు.

లెక్క వేసి చూపిస్తాను. అనుకుందాం, ఒక పిల్లాడికి యాక్సిడెంట్ అయింది, బిల్లు 1,80,000 డాలర్లు. మొదటి పాలసీ చవకది, ఒక్కో ప్రమాదానికి 50,000 దాకా ఇస్తుంది. మిగిలిన 1,30,000 పిల్లాడి నెత్తిన. మన డబ్బుల్లో కోటి దాటిపోతుంది. రెండో పాలసీ కాలేజీది. మొదటి 500 నువ్వు కట్టాలి, ఆ పైన నూటికి 20 నీ వాటా, కానీ ఏడాదిలో నీ జేబులోంచి పోయే మొత్తం 7,000 దాటకూడదు అని ఉంది. 20 శాతం లెక్కన 35,900 అవుతుంది గానీ, ఆ గీత ఉంది కాబట్టి 7,000తో ఆగిపోతుంది, నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రి అయితే. రెండు పాలసీల ధరలో ఏడాదికి రెండు వేల డాలర్లు తేడా ఉందనుకోండి. ఆ రెండు వేలు మిగుల్చుకోవడానికి లక్షా ఇరవై మూడు వేల డాలర్ల పందెం కాస్తున్నాం.

మన ఇళ్లలో ఇది అర్థం కాకపోవడానికి కారణం కూడా చరిత్రే. ఇక్కడ మెడిక్లెయిమ్ పాలసీ 1986లో వచ్చింది. తెలుగు పల్లెటూళ్లకి ఆరోగ్య బీమా అంటే తెలిసింది 2007లో ఆరోగ్యశ్రీతో. కార్డు చూపించాం, ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చాం. బీమా అంటే కార్డు అనే మనకి తెలుసు. డిడక్టబుల్, కో-పే, నెట్‌వర్క్ అనే మాటలు మన అనుభవంలో లేవు. అక్కడ 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వెళ్తే ముందు చూసి ప్రాణాపాయం తప్పించాలి, డబ్బు లేదని వెనక్కి పంపకూడదు. అది నిజం. కానీ బిల్లు రాకూడదని ఆ చట్టంలో లేదు. ఆ బిల్లుకి భయపడి, కడుపునొప్పితో గదిలో పడుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు మింగే పిల్లలున్నారు. అప్పుడు బీమా లేకపోవడం డబ్బు సమస్యగా మిగలదు, ప్రాణ సమస్య అవుతుంది.

కాబట్టి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఒకటి, పాలసీ కొనేముందు ధర కాదు, గరిష్ఠ పరిమితి చూడండి, మన జేబులోంచి పోయే డబ్బుకి గీత ఉందో లేదో చూడండి. రెండు, షుగర్, ఆస్తమా లాంటివి ముందే ఉంటే, వాటికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా కనుక్కోండి. మూడు, చదువు అయిపోయి ఓపీటీలోకి వెళ్లిన నెలలు చాలా ప్రమాదం. కాలేజీ బీమా ఆగిపోతుంది, ఉద్యోగం బీమా ఇంకా రాదు. ఆ మధ్య కాలానికి ముందే ఏర్పాటు చేసుకోండి. నాలుగు, ఏ తల్లీతండ్రీ వినకూడని మాట, కానీ చెప్పాలి. జరగరానిది జరిగితే మనిషిని ఇంటికి చేర్చే ఖర్చు పాలసీలో ఉందో లేదో చూడండి. మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, గతిలేనివాళ్లకి సాయం చేస్తుంది. తెలుగు సంఘాలు ఉన్నాయి. వాళ్లకి దండం పెట్టాలి. కానీ అది బొలోన్యా చందానే. చందా అందేవరకు ఎదురుచూడాలి.

నలందాలో ఐదు ఊళ్ల ఆదాయంలోంచి మందులకి డబ్బు కేటాయించి రాగిరేకు మీద చెక్కించారు. అంత ఏర్పాటు ఇవాళ మన పిల్లాడికి ఎవరూ చెయ్యరు. ఆ రాత మనమే చదువుకుని, మనమే సంతకం పెట్టాలి. పాలసీ పత్రం ముప్పై పేజీలు ఉంటుంది. టికెట్ కొనేముందు ఒక ఆదివారం కూర్చుని, పిల్లాడూ మీరూ కలిసి చదవండి. చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో విషయంతో కలుద్దాం.